తాకత్ ఉంది, నజర్ లేదు

మన ఇళ్లలో రేడియేషన్ అనే మాట పెద్దగా వాడరు. “అమ్మీకి కరెంటు పెడుతున్నారు” అంటారు. ఆ ఇలాజ్ నడుస్తున్న ఇళ్లలో నన్ను అడిగే మాట ఒకటుంది. “మొదట్లోనే స్కాన్ తీశారు కదా భాయ్, మళ్లీ మళ్లీ తస్వీర్లెందుకు? పైసల కోసమేనా?” ఈ షక్‌కి జవాబు ఆ ఇలాజ్ చరిత్రలోనే ఉంది.

1895 నవంబర్ 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొన్నాడు. డిసెంబర్‌లో తన బేగం చేతికి తస్వీర్ తీస్తే ఎముకలూ ఉంగరమూ కనిపించాయి. మరుసటి ఏడాదే డాక్టర్లు ఆ కిరణాలను క్యాన్సర్ మీద వాడి చూశారు. కానీ ఒక మజ్‌బూరీ. ఎక్స్‌రేలో ఎముక సాఫ్‌గా కనిపిస్తుంది, మెత్తని కండలో దాగిన గడ్డ సరిగా కనిపించదు. అందుకే ఎముకలను గుర్తుగా పెట్టుకుని, అందాజుతో, గడ్డ చుట్టూ చాలా మేర కలిపి కిరణాలు పెట్టేవారు. ఏ కసూరూ లేని పేగుకీ మూత్రాశయానికీ సజా పడేది. మోతాదు పెంచితే మంచి అవయవం పాడు, తగ్గిస్తే మర్జ్ మిగులు. తాకత్ ఉంది, నజర్ లేదు.

ఆ నజర్ 1971 అక్టోబర్ 1న దొరికింది. లండన్‌లోని అట్కిన్‌సన్ మోర్లీ దవాఖానాలో, ఇంజనీర్ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ మెషీన్ ఒక మరీజు మెదడును పొరలు పొరలుగా చూపించింది. దాని వెనకున్న గణితాన్ని కార్మాక్ అంతకుముందే రాసి ఉంచాడు. 1979లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. గడ్డ ఎక్కడుందో చూసి, ఎంత మోతాదు ఎక్కడ పడాలో లెక్కగట్టడం ఆ తర్వాతే కుదిరింది.

అయినా చిక్కు తీరలేదు. తస్వీర్ ఒక రోజుది, ఇలాజ్ వారాల తరబడి సాగేది. ఒంట్లో ఏదీ ఖామోష్‌గా ఉండదు. శ్వాసతో పాటు ఊపిరితిత్తిలోని గడ్డ కదులుతుంది. పేగులో గాలి చేరితే ప్రోస్టేట్ పక్కకు జరుగుతుంది. చర్మం మీది నిషాన్ మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే అమెరికాలోని మిషిగన్‌లో డేవిడ్ జాఫ్రే, ఆయన సాథీలు కిరణాలు పెట్టే మెషీన్‌కే సీటీ తీసే సామాను బిగించారు. 2002లో ఆ పని వివరాలు అచ్చయ్యాయి. మరీజు బల్ల మీద పడుకున్నాక చూసి, తేడా ఉంటే బల్లను మిల్లీమీటర్లలో జరిపి, అప్పుడు ఇలాజ్ మొదలుపెట్టడం అలా వచ్చింది. 2017లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ డాక్టర్లు ఎంఆర్ఐని కూడా కిరణాల మెషీన్‌తో కలిపి మరీజులకు ఇలాజ్ చేశారు.

కాబట్టి బల్ల మీద తీసే ఆ తస్వీర్ మర్జ్ తగ్గిందా లేదా అని చూసేది కాదు. ఈ రోజు గడ్డ ఎక్కడుందో చూసేది. కొందరిని నీళ్లు తాగి ఆపుకోమనేది కూడా మూత్రాశయం రోజూ ఒకేలా నిండి ఉండాలనే. నిషాన్లు చెరగకూడదు గనుక వుజూ, గుసుల్ గురించి డాక్టర్ సాబ్‌ని ముందే అడగండి. ఖర్చు లెక్క అడగడం మీ హక్కు, షరమ్ పడకుండా అడగండి. తస్వీర్ మాత్రం వద్దనకండి. అమ్మీ ఒంట్లోని మంచి అవయవాలకు అదే హిఫాజత్.