దారి చూపిన వాళ్లం

జన్నారం అడవికి జంతువులను చూడటానికి వెళ్లి వచ్చామని చెబితే మా గూడెం ముసలమ్మ ఒకామె నవ్వింది. "అడవి చూడనీకి టికెట్టు కొన్నరా బిడ్డా?" అంది. మేమూ నవ్వాం గాని, ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం ఆ నవ్వుతోనే మొదలైంది.

మాది కాసిపేట మండలం. వరంగల్ పక్కన రైల్వే జంక్షన్ ఉన్న కాజీపేట అనుకుంటారు చాలామంది, అది వేరు. మాది మంచిర్యాల జిల్లా. ఒకపక్క మందమర్రి బొగ్గుబాయిలు, దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ, ఇంకోపక్క గోండు, కోలాం, నాయకపోడు గూడేలు. మాలో టీచర్లు ఉన్నారు, బాయి పని చేసేవాళ్లు ఉన్నారు, ఇంకా చదువుకునే పిల్లలు ఉన్నారు. ఒక ఆదివారం తెల్లవారక ముందే సోమగూడెం నుంచి జీపులో బయలుదేరి, మంచిర్యాల, లక్షెట్టిపేట దాటి జన్నారం చేరాం. అక్కడ సఫారి బండి ఎక్కాం. మాకు గైడుగా వచ్చిన పిల్లవాడు గోండు.

మొదటి అరగంట అతను నేర్చుకున్న పాఠం చెప్పాడు. కవ్వాల్ 1965లో అభయారణ్యం అయింది, 2012లో పులుల రక్షిత ప్రాంతం అయింది, లోపలి అడవి సుమారు 893 చదరపు కిలోమీటర్లు, చుట్టూ ఉన్నది సుమారు 1,123. అంతా సరిగ్గానే చెప్పాడు. మేం తలలూపాం. చుక్కల దుప్పుల మంద కనిపించింది, తర్వాత మనుబోతు ఒకటి దారికడ్డంగా నిలబడి మమ్మల్నే చూసింది. బైసన్ కుంట దగ్గర బండి ఆపాడు. అడవిదున్న అని మన నోటినిండా పేరుండగా కుంటకు ఇంగ్లీషు పేరెందుకు వచ్చిందో మాకు అర్థం కాలేదు.

అక్కడే ఒక నెమలి రెక్కలు టపటపలాడిస్తూ లేచింది. గైడు పాఠం మధ్యలో ఆపి, తనకు తెలియకుండానే "మల్" అన్నాడు. మల్ అంటే గోండిలో నెమలి. దండారికి గుస్సాడీలు తలమీద పెట్టుకునే నెమలి ఈకల టోపీ మల్ బూర. ఆ ఒక్క మాటతో బండిలో భాష మారిపోయింది. ఇక అతను గోండిలో చెప్పడం మొదలుపెట్టాడు. ఎలుగు నిన్న రాత్రి పుట్ట తవ్విన చోటు చూపించాడు. టేకు బెరడు మీద గోళ్ల గీతలు చూపించాడు. కొండముచ్చు ఎప్పుడు ఎలా అరిస్తే పులి ఏ దిక్కున ఉన్నట్టో చెప్పాడు. ఇవి ఏ శిక్షణలో చెప్పారని అడిగితే "మా తాత" అన్నాడు. పులి మాత్రం కనిపించలేదు. కుంట గట్టు తడిలో పాదం అచ్చు కనిపించింది, మాకదే చాలు.

ఆ తాతకు గైడు అనే పేరు లేదు. ఉన్న పేరు వెట్టి. నిజాం కాలంలో అధికారులు వేటకు వస్తే ఊరి జనం పని మానుకొని అడవిలోకి పోవాలి. డప్పులు కొడుతూ, అరుస్తూ, చెట్టూ పుట్టా జల్లెడపట్టి జంతువును తుపాకి ముందుకు తోలాలి. తుపాకి మచానం మీద, మన వాళ్లు నేలమీద. గాయపడిన పులి మొదట ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు. ఇది మన జిల్లా సంగతే కాదు. తెల్లదొరల కాలంలో మధ్య భారత అడవుల్లో తిరిగిన జేమ్స్ ఫోర్సిత్ పుస్తకం 1871లో అచ్చయింది. అందులోనూ అడుగు చూసి జంతువు జాడ చెప్పేది గోండులు, కోర్కులే. పుస్తకం మీద పేరు మాత్రం ఒక్కరిదే.

కాజీపేట నుంచి బల్లార్షా రైలు మార్గం 1929 నాటికి పూర్తయింది. రైలొచ్చాక మన అడవి కలప బయటికి పోవడం, బయటివాళ్లు లోపలికి రావడం రెండూ సులువయ్యాయి. బెల్లంపల్లి వైపు బొగ్గుబాయిలకు దిమ్మెలు కూడా అడవి నుంచే. అదే కాలంలో రిజర్వు అడవి గీతలు గూడేల గడప దాకా వచ్చాయి. ఆ గీతల మీదే కుమ్రం భీం పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన హైమన్‌డార్ఫ్, గార్డులు గూడేల్లో మామూళ్లు ఎలా గుంజేవారో, కోలాములను పోడు నుంచి ఎలా వెళ్లగొట్టారో రాశాడు. ఆయన నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి. మన టీచర్లు మార్లవాయి పేరు బడి కోసం చెబుతారు. ఈ నివేదికల కోసం కూడా చెప్పాలి.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేటను ఆపింది. అది మంచి పనే అని మేమంటాం. ఆపకపోతే ఆ కుంట గట్టు మీద పాదం అచ్చు ఉండేది కాదు. అయితే తుపాకి పట్టినవాడికీ, డప్పు కొట్టినవాడికీ చట్టం ఒకటే అయింది. మచానం వాళ్లు కెమెరాలు పట్టుకొని మళ్లీ వచ్చారు. డప్పు వాళ్లు రోజుకూలీకి బేస్‌క్యాంపు వాచర్లుగా, ట్రాకర్లుగా కుదిరారు.

దూరదేశంలో ఇలాంటి కథే ఒకటుంది. ఇండోనేషియాలోని కొమోడో దీవిలో మనిషంత పొడవును మించిన పెద్ద ఉడుములుంటాయి. వాటిని చూడటానికి ప్రపంచమంతా పడవల్లో వస్తుంది. చీలిన కర్ర చేతపట్టి ముందు నడిచే గైడుల్లో ఆ దీవి వాళ్లున్నారు. ఆ జనం ఉడుమునూ మనిషినీ ఒకే తల్లికి పుట్టిన కవలలని చెప్పుకుంటారు. 1980లో దీవిని జాతీయ పార్కు చేశారు. 2019లో ఉడుముల కోసం దీవిని మూసి, అక్కడి సుమారు రెండు వేల మందిని పంపించేయాలన్నారు. జనం ఒప్పుకోలేదు, ఆ ఆలోచన ఆగింది. తోడబుట్టినవాణ్ణి తోడబుట్టినదాని నుంచి కాపాడతామన్నట్టుంది ఆ మాట!

మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. కవ్వాల్ లోపలి అడవిలోని మైసంపేట, రాంపూర్ గూడేలను 2024లో కడెం మండలం మద్దిపడగ వైపు తరలించారు. 142 కుటుంబాలు. కొందరు ఇల్లూ భూమీ తీసుకున్నారు, కొందరు డబ్బు తీసుకున్నారు. రోడ్డు, కరెంటు, ఆసుపత్రి దగ్గరయ్యాయని సంతోషపడేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట కొట్టెయ్యం. 2025 మే 30న కవ్వాల్‌నూ తాడోబానూ కలిపే పులుల దారికోసం జీవో 49 వచ్చింది. దానికి కుమ్రం భీం పేరే పెట్టారు. గూడేలన్నీ కదిలితే జూలైలో నిలిపివేశారు. నిలిపివేయడం వేరు, రద్దు వేరు. ఆ తేడా పిల్లలకు తెలియాలి.

ఇంకోటి కూడా తెలియాలి. 2006 అటవీ హక్కుల చట్టం అంటే పోడు పట్టా ఒక్కటే అనుకుంటాం. అందులో 3(1)(ఐ) కింద మన సామూహిక అడవిని కాపాడి నడిపించుకునే హక్కుంది. 3(1)(కె) కింద జీవవైవిధ్యం గురించి మనకున్న సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కుంది. వేట హక్కు లేదు, అది స్పష్టంగానే రాశారు. గైడు తాత నేర్పిన కొండముచ్చు అరుపు ఈ కె కిందికే వస్తుంది. పోడు పట్టాకు అర్జీ పెట్టినట్టే దీనికీ గ్రామసభలో అర్జీ పెట్టవచ్చు. మా గూడేల్లో ఒక్కటీ పెట్టినట్టు మేం వినలేదు.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మాతో వచ్చిన పదో తరగతి పిల్ల తన నోటుబుక్కు చూపించింది. గైడు చెప్పిన గోండి మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుంది. జంతువులవి, చెట్లవి, అడుగులవి కలిపి పదిహేడు. చదివి వినిపించి, తెలిసినవాళ్లు చెయ్యెత్తమంది. మాలో టీచర్లే ముగ్గురున్నాం. ఆరు మాటలకు మించి చెయ్యి లేవలేదు. ఎండాకాలం సెలవుల్లో ఆ నోటుబుక్కు పట్టుకొని కోలాం గూడేనికి కూడా పోదామని మందమర్రి దాటుతుండగా ఆ పిల్లే తేల్చింది. అప్పటికి బాయి దగ్గర రాత్రి షిఫ్టు లైట్లు వెలిగాయి.