చేతులు మారే చోటు

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికీ ఫెరారీ జట్టుకీ కుదిరిన దోస్తీ గురించి మీలో చాలామంది వినే ఉంటారు. ఆపరేషన్ చేసి అలసిపోయిన మార్టిన్ ఇలియట్, ఆలన్ గోల్డ్‌మన్ అనే డాక్టర్లు టీవీలో ఫార్ములా వన్ రేసు చూశారు. టైర్లు మార్చే ఆ జట్టుకీ, థియేటర్ నుంచి ఐసీయూకి పసివాళ్ళని అప్పగించే తమకీ పోలిక తట్టింది. ఫెరారీ వాళ్ళ సలహా తీసుకున్నారు. 2007లో కెన్ క్యాచ్‌పోల్ బృందం ఫలితాలు ప్రచురించింది: ఒక్కో అప్పగింతలో సాంకేతిక పొరపాట్లు సగటున 5.42 నుంచి 3.15కి తగ్గాయి.

దీన్ని అందరూ వేగం గురించిన కథలా చెప్తారు. నాకైతే అందులో నచ్చింది వరస. ముందు వైర్లు, వెంటిలేటరు సర్దుతారు. అది అయ్యాకే మాట. మత్తు డాక్టరు చెప్తుంటే మిగతావాళ్ళు అడ్డుపడకుండా వింటారు.

అంబులెన్సు దగ్గర ఇది ఇంకా కష్టం. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకే చోట పనిచేసేవాళ్ళు కారు, హోదాలూ సమానం కావు. నుజ్జయిన స్టీరింగుని, మంచం పక్కన ఖాళీ మాత్రల సీసాని కళ్ళారా చూసింది అంబులెన్సు వాళ్ళే. కాసేపట్లో వాళ్ళు ఇంకో కాల్‌కి వెళ్ళిపోతారు. చెప్పడం మొదలుపెట్టగానే ఎవరో బీపీ చూస్తుంటారు, ఇంకెవరో మధ్యలో ప్రశ్న వేస్తారు, ఆలస్యంగా వచ్చిన డాక్టరుకి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలి.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో రిక్ ఈడెమా బృందం ఈ అప్పగింతల్ని వీడియో తీసి, ఆ పని చేసేవాళ్ళకే చూపించింది. అలా తయారైంది 'ఐమిస్ట్-ఆంబో'. ముందు సగంలో ఎవరు, ఏం జరిగింది, దెబ్బలేంటి, నాడి, బీపీ లాంటివి ఎలా ఉన్నాయి, ఏం చికిత్స చేశాం. రెండో సగంలో అలర్జీలు, వాడుతున్న మందులు, పాత జబ్బులు, ఇతరాలు. అక్కడి వాడుకలో 'ఆంబో' అంటే అంబులెన్సు మనిషే. చెప్పేవాడి పేరు పద్ధతికే అంటుకుందన్నమాట.

2012లో వచ్చిన వాళ్ళ పేపరులో శిక్షణకి ముందు 73, తర్వాత 63 అప్పగింతల్ని పోల్చారు. ఎక్కువ సమాచారం అందింది, అదీ తక్కువ సమయంలో. ప్రశ్నలూ, చెప్పిందే చెప్పడమూ తగ్గాయి.

ఫారాల కోసం కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి నా కళ్ళు చివరి గడి మీద పడ్డాయి: ఇతరాలు. ఇంట్లో ఆ ముసలాయన తప్ప ఇంకెవరూ లేరన్న సంగతి చెప్పడానికి చోటు అదే.