సరుకు దిగాక విందు ఎక్కింది

నెల్లూరు తీరంలో పడవ మీద రాత్రి భోజనం ఒకప్పుడు మామూలు సంగతి. మద్రాసుకు రైలు లేని ఆ రోజుల్లో కృష్ణపట్నం చుట్టుపక్కల ఊళ్లవాళ్లయినా, ఇంకా పైన కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వచ్చేవాళ్లయినా బియ్యం, ఉప్పు, చింతపండు మూటగట్టుకుని బకింగ్‌హాం కాలువలో పడవ ఎక్కేవాళ్లు. గాలి కలిసొస్తే తెరచాప, లేకపోతే గెడ. అదీ సాగకపోతే గట్టు మీద మనుషులు మోకు పట్టి లాగేవాళ్లు. ప్రయాణం రోజుల తరబడి సాగేది. పొద్దుగూకితే పడవలోనో గట్టు మీదో పొయ్యి రాజేయక తప్పదు. ఇప్పుడు పెద్ద నగరాలు డిన్నర్ క్రూయిజ్ అని పేరు పెట్టి టికెట్ అమ్ముతున్న అనుభవం ఇక్కడ ఛార్జీలోనే వచ్చేది. దాన్ని ఎవరూ విలాసం అనుకోలేదు.

ఆ కాలువ కథ 1806లో మొదలైంది. బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తన డబ్బుతో తవ్వించాడు. తర్వాత అది పులికాట్ సరస్సు దాకా సాగింది, 1837లో ప్రభుత్వం చేతికి వచ్చింది. అక్కడి నుంచి దుగరాజపట్నం, కృష్ణపట్నం, పెన్న ముఖద్వారం దాటుకుంటూ పెదగంజాం చేరి కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. 1876-78 నాటి ధాత కరువులో కూలికోసం వచ్చిన జనం చేత మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల మధ్య ముక్కను తవ్వించారు. 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. దాంతో కాకినాడ నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల నీటిదారి ఏర్పడింది. సముద్రం పోటు, ఏరు పొంగు పడవల్ని ఇబ్బంది పెట్టకుండా నదులు అడ్డొచ్చిన చోట లాకులు కట్టారు. లాకు తలుపులు తెరిచేదాకా పడవలన్నీ ఒకచోట ఆగేవి.

1899లో బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు పడింది. ఒక్క రాత్రిలో చేరే దూరానికి రోజులు ఎవరు వెచ్చిస్తారు? మనుషులు పడవ దిగిపోయారు. సరుకు మాత్రం ఇంకా చాలాకాలం దిగలేదు. నెల్లూరు తీరపు సరుగుడు కట్టెలు, ఉప్పు, సున్నం బట్టీలకు కావలసిన గుల్ల మద్రాసుకు ఈ కాలువ మీదే వెళ్లేవి. తర్వాత రోడ్డు మీద లారీలు పెరిగాయి. 1965, 66, 76 తుపానులు గట్లను దెబ్బతీశాయి, చాలాచోట్ల పూడిక పేరుకుంది. పడవ పని అక్కడితో ముగిసింది.

ఇంతవరకు మన కథే ప్రపంచమంతటా జరిగింది. తేడా ఆ తర్వాత వచ్చింది. పని పోయిన పడవకు కొన్ని ఊళ్లు ఇంకో పని కనిపెట్టాయి. డిన్నర్ క్రూయిజ్ పుట్టింది అలాంటి ఊళ్లలోనే. నాకు తెలిసినంతలో పేరు మోసిన విందు పడవల్లో చాలావాటి వెనక చచ్చిపోయిన రవాణా ఒకటి ఉంది.

పారిస్‌నే తీసుకోండి. సేన్ నది మీద తిరిగే బాతో మూష్ పడవలకు ఆ పేరు లియాన్ నగరంలోని మూష్ అనే పేట నుంచి వచ్చింది. అక్కడి రేవులో తయారైన పడవల్ని 1867 పారిస్ ప్రపంచ ప్రదర్శనకు తెచ్చి జనాన్ని చేరవేశారు. ఇప్పటి సిటీ బస్సు పని అవి చేశాయి. మెట్రో రైలు, ట్రాములు, బస్సులు వచ్చాక వాటిని అడిగేవాళ్లు లేకపోయారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జాన్ బ్రుయెల్ అనే ఆయన ఆ పడవల్లో మిగిలినదాన్ని కొని, 1949 నుంచి ఊరు చూపించడానికి, తర్వాత భోజనం పెట్టడానికి వాడాడు. ఈయన ప్రచారానికి చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. జాన్ సెబాస్టియన్ మూష్ అనే మహానుభావుడు ఈ పడవల్ని కనిపెట్టాడని కల్పించి, జీవితచరిత్ర రాయించి, 1953 ఏప్రిల్ 1న ఆయన పేర సభ జరిపాడు. పెద్దలు వచ్చి లేని మనిషికి నివాళి అర్పించి వెళ్లారు. నిజానికి కనిపెట్టింది బ్రుయెలే. చేరాల్సిన చోటు లేకపోయినా జనం పడవ ఎక్కుతారని ఆయన కనిపెట్టాడు. ఎక్కిన రేవులోనే దిగే ప్రయాణానికి డబ్బు తీసుకోవాలంటే మధ్యలో ఏదో ఒకటి జరగాలి. భోజనం అందుకు పనికొచ్చింది.

సింగపూర్‌ది ఇంకా దగ్గరి కథ. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడి నదిలో ఓడల నుంచి సరుకు దించే పడవల్ని నడిపినవాళ్లలో ఎక్కువమంది మన కోరమండల్ తీరం నుంచి వెళ్లినవాళ్లు, ముఖ్యంగా తమిళ ముస్లింలు. తర్వాత ఆ పని చైనీయుల చేతికి పోయింది. 1977లో ప్రభుత్వం నదిని శుభ్రం చేయడానికి పూనుకుంది. పందుల ఫారాలు, బండి కొట్లు, మురుగు అన్నీ పక్కకు పోయాయి. 1983లో సరుకు పడవల్ని పాసిర్ పంజాంగ్‌కు తరలించారు. పదేళ్లు తిరిగేసరికి నది బాగుపడింది. ముందు వైపు కళ్ల బొమ్మలు గీసిన అదే తీరు పడవలు తర్వాత యాత్రికుల్ని ఎక్కించుకుని అదే నదికి వచ్చాయి. కేరళలో వడ్లు, కొబ్బరి మోసిన కెట్టువళ్లాలు 1990ల మొదట్లో పడక గదులు, వంటగదులతో హౌస్‌బోట్లయ్యాయి. మేకు కొట్టకుండా కొబ్బరి పీచు తాళ్లతో పలకల్ని కుట్టే వడ్రంగులకు ఆ మార్పుతో పని దొరికింది. ఈ చివరి మాట నాకు అన్నిటికన్నా ముఖ్యం. పడవ ఒక్కటే బతకలేదు, చేసే చెయ్యి కూడా బతికింది.

మరి మన నీళ్ల మీద ఏం జరిగింది? గోదావరిలో సగం జరిగింది. రాజమండ్రి నుంచి పైకి పోలవరం, కూనవరం, భద్రాచలం వైపు లాంచీలు ఏజెన్సీ ఊళ్లకు దారి. సంతకు వెళ్లేవాళ్లు, ఉద్యోగులు, భద్రాద్రి రాముడి దర్శనానికి వెళ్లేవాళ్లు వాటి మీదే తిరిగేవాళ్లు. 1973లో బాపు ‘అందాల రాముడు’ తీస్తే కథంతా ఆ లాంచీ ప్రయాణమే. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ వచ్చేనాటికి ఆ ప్రయాణం అవసరం కోసం చేసేది కాదు, కోరి చేసేది. రోడ్లు పడుతుంటే లాంచీలు పాపికొండల విహారానికి మళ్లాయి. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం పెట్టి, పేరంటపల్లి చూపించి, చీకటి పడకముందే దించేస్తారు. రాత్రి విందు మాత్రం అక్కడ పుట్టలేదు. కొండల మధ్య ఇరుకు, సుడులు, లోతు ఉన్న చోట చీకట్లో తిప్పకపోవడమే మంచిది.

ఆ నదిలో 2019 సెప్టెంబర్ 15న జరిగింది మరచిపోయి ఈ విషయం రాయకూడదు. వరద ఉధృతంగా ఉన్న రోజున దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్తున్న రాయల్ వశిష్ఠ బోల్తాపడింది. బయటపడింది 26 మంది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న ఆ బోటును నీళ్లలోంచి తీసింది. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబర్ 12న, కృష్ణా నదిలో ఫెర్రీ రేవు దగ్గర పవిత్ర సంగమం చూడబోయిన పడవ మునిగి ఇరవైకి పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయినవాళ్లలో చాలామంది ఒంగోలు వాళ్లు. పడవ తిరగబడటానికి లెక్క సులువే. బరువు పైకి పోయే కొద్దీ పడవ నిలకడ తగ్గుతుంది. పై అంతస్తులో జనం ఉండి, అందరూ ఒకేసారి ఒక పక్కకు జరిగితే అటు ఒరుగుతుంది, ఒరిగిన పక్కకే ఇంకొంతమంది జారుతారు. అందుకే మంచి విందు పడవ అడుగు వెడల్పుగా, కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది. బల్లలు, కుర్చీలు నేలకు బిగించి ఉంటాయి. తింటూ కూర్చున్న మనిషి పక్కలకు పరుగెత్తడు కాబట్టి బరువు ఎక్కడిదక్కడ ఉంటుంది. వంట కూడా ఒడ్డున చేసి, పడవలో వేడి చేసి వడ్డించేది ఎక్కువ. మంట నీటి మీదికి ఎంత తక్కువగా వెళ్తే అంత క్షేమం.

హైదరాబాదు దారి వేరు. హుస్సేన్‌సాగర్‌లో సరుకు పడవల కథ లేదు. అక్కడ పడవకు పని కల్పించింది బుద్ధుడు. ఎన్.టి. రామారావు తలపెట్టిన ఏకశిలా విగ్రహాన్ని గణపతి స్థపతి బృందం చెక్కింది. 1990 మార్చిలో నీటి మీద తరలిస్తుండగా విగ్రహం జారి సాగర్‌లో పడింది, మనుషులు పోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉండి, 1992 డిసెంబర్ 1న గద్దె మీద నిలబడింది. నీటి మధ్యలో ఉన్న బుద్ధుణ్ని చూడాలంటే పడవ కావాలి. లుంబినీ పార్కు దగ్గర రేవు, పడవలు, ఆ తర్వాత భాగమతి, భగీరథి వంటి పెద్ద లాంచీలు అలా వచ్చాయి. పుట్టినరోజులకు, ఆఫీసు విందులకు సాయంత్రాలు లాంచీ మాట్లాడుకోవడం నగరానికి అలవాటైంది. తెలుగునాట డిన్నర్ క్రూయిజ్ అంటే మొదట చెప్పాల్సింది దీన్నే. దీపాలు వెలిగాక నెక్లెస్ రోడ్డు వైపు చూస్తే అందం తక్కువేం కాదు. నాలాల మురుగు వాసన మాత్రం అన్నం ముందు కూర్చున్న మనిషిని వదలదు. సింగపూర్ ముందు నీళ్లు బాగుచేసి తర్వాత పడవ తిప్పింది. ఆ వరస ఎందుకు సరైనదో ఇక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

మళ్లీ నెల్లూరుకు వస్తే, విందు పడవకు నాకు తోచే చోటు సంగం. నెల్లూరు నుంచి ఆత్మకూరు దారిలో, పెన్న ఒడ్డున, సంగమేశ్వరుడి గుడి ఉన్న ఊరు. 1880ల్లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ ఆనకట్ట కట్టి కనిగిరి రిజర్వాయరుకు నీళ్లు మళ్లించారు. నెల్లూరు మొలగొలుకుల బియ్యం పేరు అంత దూరం వెళ్లడంలో ఆ నీటికి భాగం ఉంది. ఆ పాత కట్ట నూరేళ్లు దాటి అరిగిపోయాక, జలయజ్ఞం రోజుల్లో మొదలైన బ్యారేజీ 2022 సెప్టెంబర్ 6న ప్రారంభమైంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో చనిపోయిన మంత్రి, ఆత్మకూరు శాసనసభ్యుడు మేకపాటి గౌతమ్ రెడ్డి పేరు పెట్టారు. అదే రోజు నెల్లూరు బ్యారేజీ కూడా తెరిచారు. కిలోమీటరుకు పైగా పొడవున్న సంగం బ్యారేజీ గేట్ల వెనక పెన్న ఇప్పుడు నిలబడి ఉంటుంది. ఎండాకాలంలో ఇసుక మేటలే కనిపించే ఏటికి ఇది పెద్ద మార్పు. సేన్ మీద విందు పడవలు ఏడాదంతా తిరగగలగడానికి కూడా నదిని లాకులతో, ఆనకట్టలతో ఒక మట్టంలో నిలిపి ఉంచడమే కారణం.

అందుకే నాకు సంగం మీద ఆశ. అయితే ఇది సాగునీరు, తాగునీరు. దీని మీద డీజిల్ చుక్క పడకూడదు, ప్లేటు కడిగిన నీళ్లు కలవకూడదు. బ్యాటరీ మోటారు పడవే తగినది. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లో తీరానికి వాయుగుండాలు వస్తాయి, పైన సోమశిల జలాశయం గేట్లు ఎత్తుతారు. ఆ రోజుల్లో రేవుకు తాళం పడాలి, ఎంత పెద్దవాళ్లు అడిగినా తీయకూడదు. సంక్రాంతి దాటాక ఏట్లో నీళ్లున్నన్ని నెలలు పనికొస్తాయి. ఊరి ముందు తిరగడమే కావాలంటే నెల్లూరు బ్యారేజీ ఎగువన రంగనాయకులపేట వైపు ఒడ్డు ఉంది. నీళ్ల దగ్గర తిండి పంచుకోవడం ఈ పట్టణానికి కొత్త నేర్పక్కర్లేదు. ఏటా మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక చెప్పుకుని, ముక్కూమొహం తెలియని మనిషితో రొట్టె మార్చుకునే ఊరు ఇది.

ఇక పడవ ఎవరు నడపాలి అన్నది. బకింగ్‌హాం కాలువ మీద తెరచాప ఎత్తిన కుటుంబాలు ఎక్కడెక్కడికో చెదిరిపోయాయి. 2008లో ఆ కాలువను జాతీయ జలమార్గం 4లో చేర్చారు, కానీ నెల్లూరు జిల్లా భాగంలో పాత రోజుల్లా పడవల వరస మళ్లీ కనిపించలేదు. నీటిని చదవగలిగిన మనుషులు మాత్రం తీరంలో ఇప్పటికీ ఉన్నారు. ఇస్కపల్లి నుంచి దుగరాజపట్నం దాకా చేపల వేటకు వెళ్లే పట్టపు కులపు కుర్రాళ్లలో సరంగు లైసెన్సు చేతికిస్తే నదిలో పడవ నడపలేనివాళ్లు ఎవరు? కేరళ వడ్రంగికి దొరికిన అవకాశం వీళ్లకు దొరకాలి. పడవ బయటి నుంచి కొనుక్కొచ్చినా, చుక్కాని దగ్గర, వంట దగ్గర, రేవు దగ్గర ఈ తీరం మనుషులే ఉండాలని టెండరు కాగితంలోనే రాయాలి. వంటకు వెతుక్కోవాల్సిన పని లేదు. బొమ్మిడాయిల పులుసు, మామిడికాయ వేసిన కొర్రమీను పులుసు ఒక రోజు ముందే కాచి ఉంచితే మర్నాటికి ఇంకా రుచి. ఒడ్డున వండి పడవలో వెచ్చబెట్టి వడ్డించడానికి ఇంతకన్నా అనువైన కూర ఇంకో జిల్లాలో దొరకదు.