పేగుల్లో వాపు మనకు కవచం.. సాల్మొనెల్లాకు మాత్రం విందు! అసలేం జరుగుతుందంటే?

సరిగ్గా ఉడకని చికెన్, గుడ్లు తిన్నాక జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటే అనుమానించాల్సిన బ్యాక్టీరియాల్లో సాల్మొనెల్లా ఒకటి. అయితే ఆ బాధలో చాలా భాగం మన ఇమ్యూనిటీ చేసే పనే! బ్యాక్టీరియా పేగు గోడలోకి చొరబడగానే అక్కడి కణాలు ప్రమాద సంకేతాలు పంపిస్తాయి. రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు అక్కడికి పరుగెత్తుకొస్తాయి. ఇలా మొదలయ్యేదే వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్.

ఇక్కడే అసలు ట్విస్ట్. మామూలుగా పేగుల్లోని మంచి బ్యాక్టీరియా మధ్య సాల్మొనెల్లాకు చోటు దొరకడమే కష్టం. కానీ న్యూట్రోఫిల్స్ వదిలే ఘాటైన రసాయనాలు పేగులో ఉండే థయోసల్ఫేట్‌ను టెట్రాథయోనేట్‌గా మార్చేస్తాయి. ఆక్సిజన్ అంతగా అందని ఆ చోట సాల్మొనెల్లా దీన్నే ఊపిరిగా వాడుకుంటుంది. మంచి బ్యాక్టీరియాలో చాలావాటికి ఆ విద్య రాదు. దాంతో అవి వెనకబడతాయి, ఇది పెరిగిపోతుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ శాస్త్రవేత్తలు ఎలుకలపై పరిశోధించి 2010లో 'నేచర్' జర్నల్‌లో ఈ సంగతి బయటపెట్టారు. శత్రువు మీద వేసిన నిప్పుతో శత్రువే వంట చేసుకున్నట్టన్నమాట!

అలాగని వాపే వద్దనుకుంటే కుదరదు. ఆ కాపలా బలహీనపడితే బ్యాక్టీరియా రక్తంలోకి పాకుతుంది. హెచ్‌ఐవీ బాధితుల్లో, పసిపిల్లల్లో, వృద్ధుల్లో ఆ ముప్పు ఎక్కువ. అందుకే శరీరం దాడితో పాటు బ్రేక్ కూడా పెట్టుకుంది. ఆ బ్రేకుల్లో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రొటీన్. ఇది లేని ఎలుకలకు పేగుల్లో తీవ్రమైన వాపు వస్తుందని 1993లోనే తేలింది. దీని సంకేతాన్ని అందుకునే జన్యువుల్లో లోపంతో పుట్టిన పిల్లలకూ పసితనంలోనే పేగు జబ్బు మొదలవుతుంది.

జ్వరం ఉన్నా, విరేచనాల్లో రక్తం పడుతున్నా డాక్టర్‌ను అడగకుండా లోపెరమైడ్ లాంటి విరేచనాలు ఆపే మాత్రలు వేసుకోవద్దు. ముందు ఓఆర్‌ఎస్ తాగాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఈ ఫుడ్ పాయిజనింగ్‌లో సాధారణంగా యాంటీబయాటిక్ అక్కర్లేదు.

టైఫాయిడ్ తెచ్చేదీ సాల్మొనెల్లా రకమే, కానీ దారి వేరు. అది 'వీఐ' అనే పొరను ముసుగులా కప్పుకుంటుంది. పేగులో పెద్దగా గొడవ లేకుండానే ఇమ్యూనిటీ కళ్లుగప్పి లోపలికి జారుకుంటుంది. అందుకే విరేచనాల కంటే రోజుల తరబడి వదలని జ్వరమే ముందు కనిపిస్తుంది. ఆ ముసుగునే గుర్తుపట్టేలా ఇమ్యూనిటీకి నేర్పే టీకా హైదరాబాద్‌లోనే తయారైంది. భారత్ బయోటెక్ తెచ్చిన టైప్‌బార్ టీసీవీ అదే.