రింగు పక్క సీటులోంచి ఒక కేక

1965 మే 25 రాత్రి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లూయిస్టన్ అనే మిల్లుల ఊరు. కుర్రాళ్లు ఐస్ హాకీ ఆడుకునే హాల్లో ప్రపంచ హెవీవెయిట్ పోటీ! వచ్చిన జనం రెండున్నర వేలైనా లేరు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఇంకా సీట్లు వెతుక్కుంటూనే ఉన్నారు.

మొదటి రౌండ్. ముహమ్మద్ అలీ కుడిచెయ్యి ఇలా ఆడిందో లేదో, సోనీ లిస్టన్ కూలిపోయాడు. అది నిజంగా తగిలిన దెబ్బేనా అన్న గొడవ ఇప్పటికీ తెగలేదు, వదిలేద్దాం. నియమం ప్రకారం అలీ అవతలి మూలకు పోవాలి. పోడే! పడ్డవాడి నెత్తిన నిలబడి లేవమని అరుస్తున్నాడు. అతన్ని పక్కకు నెట్టే తంటాలో రిఫరీ జెర్సీ జో వాల్కాట్‌కు అంకెలు అందలేదు. లిస్టన్ లేచాడు. మళ్లీ కలబడ్డారు.

అప్పుడు రింగు పక్కనుంచి ఒక ముసలాయన కేకేశాడు. వాల్కాట్ బాక్సర్లిద్దర్నీ వాళ్ల మానాన వదిలేసి ఆయన దగ్గరికి నడిచాడు. లిస్టన్ లేవకముందే లెక్క పది దాటిపోయిందన్నాడాయన. రిఫరీ గబగబా వెనక్కి వెళ్లి పోటీ ఆపేశాడు. నాకౌట్!

కేకేసిన నాట్ ఫ్లైషర్‌కు అప్పటికి 77 ఏళ్లు. పత్రికాయన. ఆ రాత్రి ఆ రింగు మీద ఆయనకు ఏ అధికారమూ లేదు. మాజీ చాంపియనైన వాల్కాట్ మరెందుకు విన్నాడు? నన్నడిగితే, జవాబు ఆ కేకలో లేదు, నలభై ఏళ్ల అచ్చుకాగితాల్లో ఉంది. ఫ్లైషర్ న్యూయార్క్‌లో పుట్టి, దినపత్రికల్లో ఆటల పేజీలు దిద్ది, 1922లో 'ది రింగ్' మాసపత్రిక మొదలుపెట్టాడు. ఎవరు ఎవర్ని ఎప్పుడు ఓడించారో రికార్డు పుస్తకాలకెక్కించాడు. నల్లజాతి బాక్సర్ల చరిత్రను 'బ్లాక్ డైనమైట్' పేరుతో సంపుటాలుగా రాశాడు. ఆ రోజుల్లో బాక్సింగ్‌లో పందెం తేలాలంటే ఆయన పుస్తకం తెరవాల్సి వచ్చేది.

అలాగని ఆయన తీర్పులన్నీ తలకెత్తుకోలేం. 1966లో 'ది రింగ్' ఇచ్చే ఆ ఏటి మేటి బాక్సర్ బిరుదు అలీకే రావాలి. అతను ఆదర్శప్రాయుడు కాడంటూ పత్రిక ఆ ఏడు ఎవరికీ ఇవ్వలేదు. ఇది చరిత్రకారుడు చేయాల్సిన పని కాదు, పెద్దరికం చలాయించడం.

మరుసటి ఏడే అలీ సైన్యంలో చేరనన్నాడు. బాక్సింగ్ సంఘాలు టైటిల్ లాగేసుకున్నాయి. ఫ్లైషర్ ఒప్పుకోలేదు. టైటిల్ పోతే రింగులో పోవాలి, కమిషన్ల బల్లల దగ్గర కాదన్నది ఆయన పట్టు. బిరుదివ్వడానికి మనసొప్పని ఆ పత్రికే 1970 దాకా హెవీవెయిట్ చాంపియన్‌గా అలీ పేరునే అచ్చేస్తూ పోయింది.