మెట్ల మీది లొల్లి ఎవరిది?

జనగామలో ఓ డబుల్ బెడ్‌రూమ్ కాలనీకి పోయినప్పుడు ఒకామె అడిగింది: "మా పక్కాయన రోజూ రాత్రి తాగొచ్చి మెట్ల మీద లొల్లి చేస్తడు. ఎవలకు చెప్పాలె సారూ? కిరాయి ఇల్లయితే ఓనర్‌కు చెప్పేటోళ్లం." నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి వెతికితే, ఆమె ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉందని తెలిసింది.

1865లో లండన్‌లో జాన్ రస్కిన్ డబ్బు పెట్టి కొన్న పాత ఇళ్ళ నిర్వహణని ఆక్టేవియా హిల్ చేతిలోకి తీసుకుంది. వారం వారం అద్దె వసూలుకి ఆమె, తర్వాత ఆమె దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్ళు స్వయంగా వెళ్ళేవాళ్ళు. కారే పైకప్పు, విరిగిన మెట్టు, ఇరుగుపొరుగు తగాదా అన్నీ అప్పుడే కళ్ళబడేవి. బాగుచేయాల్సింది చేయించేవాళ్ళు. ఎంత చెప్పినా విననివాళ్ళని ఖాళీ చేయించేవాళ్ళు. పేదల ఇళ్ళలోకి తొంగిచూసే పెత్తనం ఇదని విమర్శ ఉంది. అది నిజం కూడా. కానీ గొడవైతే ఎవరికి చెప్పాలో అక్కడ అందరికీ తెలుసు.

మన వైపు అలాంటి ఓనర్ ఉన్న చోటు భూపాలపల్లి. సింగరేణి క్వార్టర్ ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతో పోతుంది. చెప్పుకోవడానికి కంపెనీ ఉంది, అడగడానికి యూనియన్ ఉంది. అయితే జీతమిచ్చే చెయ్యీ ఇల్లిచ్చే చెయ్యీ ఒకటే అయినచోట క్రమశిక్షణలో భయం పాలు కూడా ఉంటుంది.

మిగతా పేదల విషయంలో ప్రభుత్వం ఓనర్‌గా ఉండదలచుకోలేదు. 1977లో అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. 1979లో గృహనిర్మాణ సంస్థ పెట్టింది. ఇల్లు కట్టించడం, అమ్మొద్దని చెప్పడం, పట్టా చేతిలో పెట్టి వెళ్ళిపోవడం. విడి ఇళ్ళకి ఇది సరిపోయింది. 2015లో వచ్చిన డబుల్ బెడ్‌రూమ్ పథకంలో ఇల్లు 560 చదరపు అడుగులు, ఖర్చంతా ప్రభుత్వానిదే. పట్టణాల్లో చాలాచోట్ల అంతస్తులు లేచాయి. మెట్లు, ట్యాంకు, మోటారు, డ్రైనేజీ అందరివీ అయ్యాయి. నాలుగు గోడల లోపలికి పట్టా ఉంది, మెట్లకి లేదు.

ఆ పట్టా ఇల్లాలి పేరు మీద ఇస్తారు. తాగొచ్చిన మొగుడు "నా ఇంట్లోంచి పో" అనలేడు. ఇది చిన్న సంగతి కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడితే, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. తాగుడు గొడవల్ని అదుపు చేసే పని ఆడవాళ్ళు నెత్తినేసుకోవడం మనకి కొత్త కాదు. కానీ పట్టా సొంత మొగుడి ముందు పనికొస్తుంది, పక్కింటాయన ముందు కాదు.

చట్టంలో దారి లేదా అంటే ఉంది. మహబూబాబాద్ వైపు గుడుంబా కేసుల వల్ల 'బైండోవర్' అనే మాట చాలామందికి తెలుసు. శాంతికి భంగం కలిగిస్తాడనుకున్న మనిషి చేత తహసీల్దార్ ముందు ఏడాది దాకా పూచీకత్తు రాయించుకోవచ్చు. ఒకప్పుడు సీఆర్‌పీసీ 107, 2024 జులై నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 126. అయితే అందుకు ఎవరో ఒకరు స్టేషన్ మెట్లెక్కాలి. ఎక్కినామె మర్నాడు మళ్ళీ ఆ ఇంటి మెట్లే ఎక్కాలి.

ఆమె మళ్ళీ అడిగితే సెక్షన్ నంబరు ఒక్కటే చెప్పి ఊరుకోలేను. వాళ్ళ మీద పెత్తనం చేసే ఓనర్ మళ్ళీ రావాలనీ అనలేను. ఆక్టేవియా హిల్ దగ్గర తీసుకోదగింది ఒకటుంది: వారానికోసారి వచ్చే మనిషి. ఆ రోజు నేను దిగొచ్చిన మెట్ల మీద బల్బు కూడా లేదు. వచ్చే మనిషి ముందు ఆ బల్బు పెట్టించి, తర్వాత లొల్లి సంగతి అడగాలి.