సీతాఫలం రోజుల్లో మొజంజాహీకి

అబిడ్స్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లేవాళ్లకి దారిలో బూడిదరంగు గ్రానైటు కట్టడం ఒకటి ఎదురవుతుంది. కూడలి మూలన గడియారం గోపురం, దానికి రెండు వైపులా చేతులు చాచినట్టు దుకాణాల వరుసలు, మధ్యలో విశాలమైన ఆవరణ. అదే మొజంజాహీ మార్కెట్. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచేశాక ఊరిని తిరిగి తీర్చిదిద్దడానికి 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా ఆ మండలికి అధ్యక్షుడిగా పనిచేశాడు. 1935 నాటి ఈ మార్కెట్‌కి ఆయన పేరే పెట్టారు. షజీ అనే కలం పేరుతో ఉర్దూ కవిత్వం రాసిన మనిషి ఆయన. 1931లో ఆయన పెళ్లాడిన ఒట్టోమన్ రాజవంశపు యువరాణి నీలోఫర్ పేరు ఈ మార్కెట్‌కి కాస్త దూరంలోనే ఉన్న పిల్లల ఆసుపత్రికి ఉంది.

ఈ రాతి కట్టడాన్ని చూడ్డానికే ఊరు దాటి రావచ్చు. అయినా సాయంత్రాలు ఇక్కడ చేరే జనంలో ఎక్కువమంది వచ్చేది ఐస్‌క్రీం కోసం. ఫేమస్ ఐస్‌క్రీం ఇక్కడ 1951 నుంచి ఉంది. షా, గఫార్, బిలాల్ పేర్లతో మరికొన్ని కొట్లూ ఇక్కడున్నాయి. ఏ కొట్టు మెరుగన్న విషయంలో హైదరాబాదీలు ఒక మాట మీదికి రారు. ఇంటింటికీ ఒక పక్షం.

ఐస్‌క్రీం కొట్లు ఇక్కడే ఎందుకు గుమిగూడాయి? జవాబు మార్కెట్ పాత చరిత్రలో దొరుకుతుంది. ఇది చాలాకాలం నగరానికి పండ్ల మార్కెట్. మామిడి, సపోటా, సీతాఫలం, అంజీర్ ఈ వాకిట్లోనే దిగేవి. పండినది ఆ రోజే చెల్లకపోతే మర్నాటికి పనికిరాదు. పండ్ల కొట్టు పక్కన పాలు చిలికే కొట్టు ఉంటే ఇద్దరికీ లాభమే. ఈ ఇరుగుపొరుగుతనమే ఇక్కడి రుచికి మూలమని నా నమ్మకం. ముంబైలో 1984లో జుహూలో నేచురల్స్ కొట్టు తెరిచిన రఘునందన్ కామత్ కూడా మంగళూరు ప్రాంతపు పండ్ల వ్యాపారి కొడుకే. ఏ పండు ఎప్పుడు ముగ్గుతుందో చిన్నప్పుడే చేతికి తెలిసినవాళ్లు చేసే ఐస్‌క్రీం వేరు.

అన్నిటిలోకీ సీతాఫలానిది ప్రత్యేకమైన కథ. పాలమూరు గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే కాసే పండు ఇది. ఆ జిల్లాలోని బాలానగర్ పేరుతో ఒక రకానికి దేశమంతా గుర్తింపు ఉంది. వానాకాలం చివర మొదలై దీపావళి దాటేదాకా గంపల్లో నగరానికి వస్తుంది. కాయ ముగ్గాక రెండు మూడు రోజులకు మించి ఆగదు. గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుంది. మామిడి రసంలా మరిగించి డబ్బాలో పట్టి ఏడాది పొడవునా వాడుకుందామంటే ఇది లొంగదు. గింజకు అంటుకున్న కండను చేత్తో వేరు చెయ్యాలి, గాలికి నల్లబడకముందే చల్లటి పాలలో కలిపెయ్యాలి. యంత్రాలకు అంత తేలిగ్గా చిక్కని పండు కాబట్టే చేతిపని మిగిలిన కొట్లలో దీనికి ఇంత పేరు వచ్చింది. మంచి సీతాఫలం ఐస్‌క్రీంలో గుజ్జు పలుకులు నాలుకకు తగలాలి. అవి లేకపోతే నేను సువాసన ద్రవ్యాన్ని అనుమానిస్తాను.

ఈ కొట్లకు పేరు తెచ్చింది చిలికే పద్ధతి. పాలను కాచి, చిక్కబరిచి, చల్లార్చి లోహపు డబ్బాలో పోస్తారు. డబ్బాను చెక్క పీపాలో దింపి చుట్టూ ఐసు ముక్కలు, కల్లుప్పు పొరలు పొరలుగా దట్టిస్తారు. ఒట్టి ఐసు సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఉప్పు తగిలితే అంతకన్నా కిందే కరగడం మొదలుపెట్టి, ఆ కరగడానికి కావలసిన వేడిని డబ్బాలోని పాల నుంచి లాక్కుంటుంది. పాళ్లు సరిగ్గా కుదిరితే ఆ మిశ్రమం సున్నాకు 21 డిగ్రీల దాకా కిందికి దిగుతుంది. పాలు ముందు డబ్బా గోడకే గడ్డకడతాయి. తిప్పుతూ, గీకుతూ, మళ్లీ కలుపుతూ పోవాలి. చెయ్యి ఆగిందా, గడ్డలు పెద్దవై పంటికింద కరకరలాడతాయి.

చేత్తో తిప్పే పద్ధతికి ఇంకో గుణం ఉంది. లోపలికి గాలి తక్కువ చేరుతుంది. ఫ్యాక్టరీ యంత్రం పాల మిశ్రమంలోకి గాలి కొట్టి ఘనపరిమాణాన్ని దాదాపు రెట్టింపు చేయగలదు. అందుకే మన ఆహార నిబంధనలు లీటరు ఐస్‌క్రీం కనీసం 525 గ్రాములు తూగాలని చెబుతున్నాయి. అంటే లీటరు డబ్బాలో సగం దాకా గాలి ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది! మొజంజాహీలో కప్పు చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. చెంచా కాస్త గట్టిగా దించాలి.

ఇదంతా చవగ్గా ఐసు దొరకడం మొదలయ్యాకే సాధ్యమైంది. అక్బరు కొలువులో సూరేకారం కలిపిన నీళ్లతో పానీయాలను చల్లబరిచేవారనీ, పంజాబుకు వెళ్లాక హిమాలయాల మంచు తెప్పించుకున్నారనీ అబుల్ ఫజల్ రాశాడు. 1833లో బోస్టన్ చెరువుల మంచుగడ్డలు ఓడెక్కి కలకత్తాకు చేరాయి. ఆ వ్యాపారం మద్రాసులో మిగిల్చిన ఐస్‌హౌస్ కట్టడం మెరీనా ఒడ్డున ఇప్పటికీ నిలిచి ఉంది. తరవాత ఐసు ఫ్యాక్టరీలు వచ్చాయి, రాజులదీ దొరలదీ అయిన చల్లదనం బజారులో కప్పుల్లోకి వచ్చింది. ముంబై బోహ్రీ మొహల్లాలో తాజ్ ఐస్‌క్రీం 1887 నాటి కొట్టు. అక్కడా సంచా అనే చేతి యంత్రంతోనే చిలుకుతారు. అటు వెళ్లినవాళ్లు దాన్ని వదలకండి.

మొజంజా అత్తవారి వంశం ఒకప్పుడు ఏలిన నేల మీద, డమాస్కస్‌లో, ఇలాంటి బజారే ఇంకొకటి ఉంది. సుల్తాన్ అబ్దుల్ హమీద్ పేరున్న హమీదియా బజారు. దాని రేకు కప్పులో చుక్కల్లా కనిపించే చిల్లులు ఫ్రెంచి పాలనలో కురిసిన తూటాల గుర్తులని చెబుతారు. ఆ కప్పు కింద 1895 నుంచి బక్దాష్ ఐస్‌క్రీం కొట్టు నడుస్తోంది. అక్కడ చిలకరు, దంచుతారు. గడ్డకడుతున్న పాలను పొడవాటి చెక్క రోకళ్లతో లయగా పోట్లు వేసి, సాగదీసి, ముద్దచేసి, పిస్తా పలుకుల్లో దొర్లిస్తారు. అది సాగేది ఆర్కిడ్ దుంపల పిండి వల్ల, మస్తగీ బంక వల్ల. రెండూ మన యునానీ మందుల కొట్లకు కొత్తవి కావు. అక్కడ ఆ దుంపలను సాలబ్ మిస్రీ అంటారు. యుద్ధ కాలంలో, 2013లో, బక్దాష్ వాళ్లు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో కూడా శాఖ తెరిచారు. ఊరు వదిలిన సిరియన్లకు ఆ దంపుడు చప్పుడు అక్కడ మళ్లీ వినపడింది.

మొజంజాహీకి అంత కష్టం రాలేదు గానీ వేరే నష్టం జరిగింది. టోకు పండ్ల వ్యాపారం 1980ల్లో గడ్డిఅన్నారం తరలిపోయింది. పండ్ల మార్కెట్ వెళ్లిపోయినా ఐస్‌క్రీం కొట్లు కదల్లేదు. రాయి మీద మసి, చుట్టూ ఆక్రమణలు, ఆగిపోయిన గడియారం. ఆ దశ చూసినవాళ్లకు 2020 ఆగస్టులో పునరుద్ధరణ పూర్తయి తెరుచుకున్న మార్కెట్ గొప్ప ఊరటనిచ్చింది. రాయి అసలు రంగు తేలింది, గడియారం నడిచింది. ఈ పనికి ఖర్చయిన ప్రతి రూపాయీ సార్థకమని నేను అంటాను. అయితే కట్టడాన్ని కాపాడినంత శ్రద్ధగా లోపలి పనితనాన్నీ కాపాడాలి. పీపా తిప్పే పనివాడి కూలి గిట్టుబాటు కాకపోతే ఎంత అందమైన రాతి గోడ అయినా ఆ రుచిని నిలబెట్టలేదు.

వెళ్లదలచుకున్నవాళ్లకు నా సలహా: పండును బట్టి ప్రయాణం పెట్టుకోండి. మామిడికి ఏప్రిల్, మే. సీతాఫలానికి అక్టోబరు, నవంబరు. పండు దొరకని నెలలో ఆ పేరు చెప్పి అడగడం కంటే, ఇవాళ ఏ పండు వచ్చిందని కొట్టువాణ్ణే అడగండి. పొద్దుగూకే వేళకు చేరితే ఆవరణలో కుర్చీ దొరుకుతుంది, రాత్రి భోజనాల తరవాత వస్తే నిలబడే తినాలి. అక్కడే కరాచీ బేకరీ కూడా ఉంది. దేశ విభజనలో తరలివచ్చిన సింధీ కుటుంబం 1953లో పెట్టిన మొదటి కొట్టు అదే. పండ్ల బిస్కెట్లు ఊరికి కట్టించుకోవచ్చు. సీతాఫలం ఐస్‌క్రీం మాత్రం అక్కడే కూర్చుని తినాలి.